కొండదారిలో కేక

పెళ్లయిన కొత్తలో మా ఆయన నన్ను సినిమాలకు తీసుకెళ్లింది తక్కువ, కొండలకు తీసుకెళ్లింది ఎక్కువ. హిందూపురంలో పాఠాలు చెప్పుకునే మనిషి. ఇంట్లో ఎదురుగా ఉన్న చెంబు కనపడదు గానీ, అల్లంత దూరాన పొదలో కౌజుపిట్ట కదిలితే చాలు, నా చెయ్యి పట్టి ఆపేసేవాడు. నేను ధర్మవరంలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగినదాన్ని. అడవిలో ఆ నిశ్శబ్దమంటేనే నాకు బెదురు. అయినా వెళ్లేదాన్ని.

అరవైల మొదట్లో ఒక దసరా సెలవుల్లో పెనుకొండ దగ్గర అడవి బంగళాలో దిగాం. ఎలుగుబంటిని చూడాలని ఆయన కోరిక. సీతాఫలాలు పండే కాలంలో అవి కిందికి దిగుతాయని ఎవరో చెప్పారు.

బంగళాకు ఒక వాచ్‌మన్. అతనూ భార్యా వెనక గదిలో ఉండేవాళ్లు. మొదటిరోజు అతని వెంట కొండెక్కాం. ప్రతి మలుపు దగ్గరా ఆగి, "హో... వస్తాండాం, వస్తాండాం!" అని కొండ దద్దరిల్లేలా కేక వేసేవాడు. కట్టెలకు పోయేవాళ్లూ, పండ్లకు పోయేవాళ్లూ అందరూ అంతేనట. మనిషి వస్తున్నాడని ముందే తెలిస్తే ఎలుగు తన దారిన తాను తప్పుకుంటుంది. ఉన్నట్టుండి ఎదురుపడితేనే మీద పడుతుంది. మంచి పద్ధతే. కాకపోతే ఆ కేకలకు ఎలుగుతోపాటు నెమళ్లూ, కుందేళ్లూ, ఆఖరికి ఉడతలు కూడా తప్పుకున్నాయి. మా ఆయన మొహం మాడిపోయింది.

సాయంత్రం సంగటి వడ్డిస్తూ వాచ్‌మన్ భార్య మనసు విప్పింది.

"బెంగుళూరోళ్లు వచ్చి, ఏమీ కనపడలేదని రేంజరు దొరకు చెప్పిపోయినారమ్మా. నీ అరుపులకు జంతువులన్నీ పారిపోతాండాయి, ఇంగోసారి ఇట్లాంటి మాట వస్తే నీకు ఈడ పనిలేదు అన్నాడంట దొర. ఈ పని పోతే మేము యాడికి పోవాల? ఆయప్ప అరుపు ఇనపడితేనేమో నాకు పానం నిమ్మళంగా ఉంటాది."

"ఊరుకోవే," అన్నాడతను తల దించుకుని.

మా వల్ల అలాంటి మాట రాదని మా ఆయన నచ్చజెప్పాడు. అతను తల ఊపాడు. నమ్మలేదని మర్నాడు తెలిసింది.

తెల్లవారగానే బయలుదేరాం. మలుపు వచ్చింది, అతను అరవలేదు.

"ఏమప్పా, కేక వెయ్యవా?" అన్నాడు మా ఆయన.

"మీకు సూపించాల సామీ," అన్నాడతను గుసగుసగా, పెదాల మీద వేలు పెట్టుకుని.

నిజం చెప్పొద్దూ, ఆ నడక బాగుంది. బండమీద నెమళ్లు మమ్మల్ని పట్టించుకోకుండా మేశాయి. దారి మధ్య కుందేలు చెవులు నిక్కించి చూసింది. జంతువుల కోసం నేను అంత సంతోషపడటం అదే మొదటిసారి.

పై మలుపులో సీతాఫలం చెట్టు వెనకనుంచి ఎలుగు లేచింది. దాని పక్కన పిల్ల ఉంది. ముందు నడుస్తున్నది అతనే. నిలువునా లేచి అతని ముఖం మీద పంజా వేసింది. మేం గొంతులు చించుకుని అరిచాం, రాళ్లు విసిరాం. అది పిల్లను తీసుకుని పొదల్లోకి పోయింది. అతను రెండు చేతులతో ముఖం కప్పుకుని కూలబడ్డాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారుతోంది.

చెరోపక్కా పట్టుకుని దించుతుంటే సగం దారిలో అతని భార్య ఎదురొచ్చింది.

"అరుపు ఇనపడలేదని వస్తాండా," అంది రొప్పుతూ. ఆ తర్వాతే మొగుడి ముఖం చూసింది.

మంచంమీద మోసి, బండికట్టించి, ఎలాగో హిందూపురం ఆస్పత్రికి చేర్చాం. రెండు కళ్లూ పోయాయని డాక్టరు చెప్పాడు. కొన్నాళ్లకు మేం చూడబోతే, మా ఆయన గొంతు గుర్తుపట్టి లేవబోయాడు.

"బాగా కనపడిందా సామీ?"

"బాగా చూసినామప్పా."

"అయితే ఆ మాట దొరకు చెప్పండి సామీ. నన్ను తీసెయ్యొద్దని చెప్పండి."

అతని భార్య మా వైపు చూడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది, ఎవరిమీదో చెప్పలేను.

పెనుకొండ వెళ్లి రేంజరుకు చెప్పాం. పాపం అన్నాడు. అంత దగ్గరగా ఎలుగును చూసిన మేం అదృష్టవంతులమన్నాడు. తర్వాత గుమ్మం దగ్గర నిలబడి ఉన్న కొత్త వాచ్‌మన్‌ను పిలిచాడు.

"విన్నావు కదా? అరవకుండా పోతే కనపడతాయి," అన్నాడు.