అవ్వ ఫొటో వచ్చేదాకా

సోమశిల డ్యాం ముంపు ఊళ్ల పాత ఫొటోల వెబ్‌సైట్‌ను ఆత్మకూరులో నా గది నుంచి ఒక్కడినే చూసుకుంటాను. ఈ రోజు పొద్దున దాని డేటాబేస్ పాడైంది. బ్యాకప్ నుంచి తిరిగి ఎక్కిస్తుంటే మధ్యాహ్నమైనా సగం కాలేదు. అప్పుడే మర్రిపాడు నుంచి ముక్కూ ముఖం తెలియని పెద్దాయన ఫోన్ చేశాడు.

“మా అవ్వ ఫొటో కనపడలేదు నాయనా. మాకు అదొక్కటే ఉండాది.”

“వస్తాది పెద్దాయనా, టైం పడతాది” అన్నాను.

“పడనీలే. లైన్లోనే ఉంటా. ఇంట్లో ఎవురూ లేరు.”

ఆయన మునిగిపోయిన తన ఊరి గురించి చెబుతుంటే, వింటూనే పని ఎందుకింత నెమ్మదిగా ఉందో వెతికాను. సర్వర్‌లో అదే సమయంలో ఇంకో బ్యాకప్ నడుస్తోంది. దాన్ని ఆపగానే పని పరుగందుకుంది.

“అవ్వ కనపడిందిలే నాయనా” అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఆ తర్వాత ఇప్పటిదాకా నాతో ఎవరూ మాట్లాడలేదు. పని తొందరగా అయిపోయిందని మీరెప్పుడైనా దిగులుపడ్డారా?