పేర్లకు కావలి ఉన్న సులోచన మేడం

మొన్న మంగళవారం పొద్దున బోధన్ నుంచి ఫోను వచ్చింది. చేసింది సులోచన మేడం భర్త గంగాధర్ గారు. "మీ మేడం పోయింది తమ్మీ, ఇప్పుడే" అని ఆగిపోయారు. నేనేమన్నానో గుర్తు లేదు. దుఃఖం కంటే ముందు భయం నన్ను పట్టుకున్నదని మాత్రం గుర్తుంది. సంస్మరణ రాసేవాడు ఇలాంటి మాట దాచుకోవడం మర్యాద. కానీ దాస్తే ఆమె ఊరుకునేది కాదు.

నిజామాబాద్ కంఠేశ్వర్‌లో మాదొక మోస్తరు ఆసుపత్రి. అక్కడ కంప్యూటర్ విభాగమంటే మేడం, నేను. పేరు విభాగమే గానీ మనుషులం ఇద్దరమే. ప్రింటర్ ఆగినప్పుడు తిట్టడానికి తప్ప మేము ఎవరికీ గుర్తుకురాము. అందుకని ఆమె ఇన్నేళ్లూ చేసిన పనేమిటో ముందు చెప్పాలి.

మా సిబ్బంది వాడే కంప్యూటర్లన్నీ విండోస్‌వి. రోగుల రిపోర్టులుండేది మాత్రం లోపలి గదిలోని యూనిక్స్ సర్వర్‌లో. విండోస్ ఒక మనిషిని ఒక పేరుతో గుర్తుపడుతుంది, యూనిక్స్ తన సొంత ఖాతా నంబరుతో గుర్తుపడుతుంది. ఈ పేరున్న నర్సుకు ఆ నంబరు, ఈ ల్యాబ్ గ్రూపుకు ఆ గ్రూపు అని రెండింటినీ కలిపే జాబితా ఒకటుంటుంది. అందులో ఒక్క వరుస తప్పినా యంత్రం దృష్టిలో ఒక మనిషి ఇంకో మనిషైపోతాడు. ఆ ఇంకో మనిషి చూడదగినవన్నీ ఇతడు చూస్తాడు. జాబితాలో లేని పేరు వస్తే మేడం దాన్ని ఏ హక్కూ లేని ఖాతాకు పంపేవారు. "తెల్వనోనికి తలుపు తీసుడు మర్యాద కాదు తమ్మీ, తెలివితక్కువతనం" అనేవారు.

ఒకసారి పెద్ద డాక్టరుగారి బావమరిది వచ్చి, తనను అన్ని గ్రూపుల్లోనూ చేర్చమని హుకుం చేశాడు.

"మీరేం పని చేస్తరో చెప్పుండ్రి సార్, ఆ గ్రూపుల పెడ్త."

"నేనెవలో ఎర్కనా? పెద్ద డాక్టర్ బావమర్దిని."

"బావమర్దుల గ్రూపు లేదు సార్ మా దగ్గర."

అతను విసవిసా వెళ్లిపోయాడు. నేను పగలబడి నవ్వాను. తీరా చూస్తే మేడం అప్పటికే జాబితా తెరిచి, అతని పేరు ఎక్కడైనా చేరిపోయిందేమోనని వరుస వరుసా వెతుకుతున్నారు. ఆమె ధైర్యస్థురాలని ఆసుపత్రిలో అందరూ అనేవారు. ఆమె ఎంత భయస్థురాలో నాకొక్కడికే తెలుసు.

ఆ భయం పుట్టుకతో వచ్చింది కాదు. నేను చేరిన మొదటి ఏడాది ల్యాబ్ ఉద్యోగి ఒకతను మానేశాడు. హాస్టల్లో ఖాళీ అయిన మంచం ఇచ్చినట్టు, అతని నంబరును మేడం రిసెప్షన్‌లో కొత్తగా చేరినతనికి ఇచ్చారు. అయితే యూనిక్స్‌లో ఫైళ్లు మనిషివి కావు, నంబరువి. పాత ఉద్యోగి భద్రపరిచిన రిపోర్టులన్నీ కొత్తతని ముందు తెరుచుకున్నాయి. ముప్కాల్ దగ్గరి ఆ కొత్తతని ఊరి కోడలు ఒకామె రిపోర్టు వాటిలో ఉంది. అతను చూశాడు, ఇంట్లో చెప్పాడు, అది ఊళ్లో పాకింది. వారం తిరక్కముందే ఆమె మా గది గుమ్మంలో నిలబడింది.

"నా ముచ్చట మా అత్తగారింట్ల ఎట్ల తెల్సింది మేడం? నేనైతే ఎవ్వలకు చెప్పలె."

"తప్పు నాది బిడ్డా" అన్నారు మేడం. ఆ పిల్ల తల ఊపి వెళ్లిపోయింది. తర్వాత ఆమె ఏమైందో మాకు తెలియలేదు. తెలుసుకోవడానికి మేడం రెండుసార్లు ముప్కాల్ దాకా వెళ్లి, ఊళ్లోకి అడుగుపెట్టే మొహం చెల్లక తిరిగి వచ్చారు.

ఆనాటి నుంచి ఖాళీ అయిన నంబరు మరొకరికి ఇవ్వలేదు. ఎవరు ఏ రిపోర్టు తెరిచారో సర్వర్ తనంతట తాను లాగ్ రాసుకుంటుంది. ఆ లాగ్‌ను మేడం ప్రతి ఉదయం పైకి చదివేవారు, నేను వినేవాణ్ణి. చెరకు కాలంలో ఆమె వచ్చే బోధన్ బస్సు ట్రాక్టర్ల వెనుక పడి ఆలస్యమైనా సరే, టిఫిన్ డబ్బా కింద పెట్టకముందే ఆ పని. "మన ఇద్దరి పేర్లు ముందుగాల సూడాలె తమ్మీ. తాళాలున్నోళ్లమే దొంగలమయ్యేది" అనేవారు.

ఇక చెప్పక తప్పని మాట. కిందటేడు మేడం మెడ దగ్గర గడ్డకు మా ఆసుపత్రిలోనే పరీక్ష చేశారు. రిపోర్టు సర్వర్‌లోకి వచ్చింది. చూసే డాక్టరు రెండు రోజులదాకా ఊళ్లో లేరు. ఆమెకు మెతుకు దిగడం లేదు.

"ఒక్క క్లిక్కు మేడం, సూసుకోండ్రి" అన్నాను.

"ఆ తాళం నాకు పని కోసం ఇచ్చిండ్రు. నా భయం కోసం ఇయ్యలె."

ఆ సాయంత్రం ఆమె బస్సుకు వెళ్లగానే నేను తెరిచాను. ఆత్రమో, ప్రేమో, ఏదైతేనేం, తెరిచాను. అర్థం కావలసినంత అర్థమైంది. లాగ్‌లో ఆ వరుసను తుడిచేసే అధికారం నాకుంది. చెయ్యి రాలేదు.

మర్నాడు ఆమె చదువుతూ చదువుతూ నా పేరు దగ్గర ఆగారు. పక్కన ఉన్నది ఆమె రిపోర్టే.

"చదివినవా?"

"చదివిన మేడం."

"నాకు చెప్పకు. నీ మొకంల కనబడ్తది, అటు తిరుగు."

నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. నా వీపు వెనుక ఆమె మిగతా పేర్లన్నీ చివరిదాకా చదివారు. తర్వాత రిజిస్టరులో నా తప్పు రాసి సంతకం పెట్టించారు. డాక్టరు వచ్చాక అందరిలాగే టోకెన్ తీసుకుని వరుసలో కూర్చున్నారు.

చివరి నెలల్లో, మందుల నీరసంతోనే, జాబితా అంతా వరుస వరుసగా నాకు అప్పజెప్పారు. తప్పు చేసినవాడికి ఎలా ఇస్తారని అడిగాను.

"లాగ్‌ల ఆ వరుస తుడువొచ్చు, అయినా తుడువలేదు నువ్వు. గదే సూసిన" అన్నారు.

ధైర్యవంతులను కీర్తించడం లోకరీతి. పరుల మానం గురించి అనుక్షణం భయపడిన ఈ తల్లికి నేను చేతులెత్తి మొక్కుతున్నాను. ఆమె భయం మీద ఆధారపడి ఎన్ని కాపురాలు గుట్టుగా నిలిచాయో ఆ కాపురాలకే తెలియదు. ఆమె చోటు భర్తీ కాదు. యాజమాన్యం కూడా భర్తీ చేయనన్నది, ఒక్కడివి చాలులే అన్నది.

నిన్న ఉదయం ఆ గదిలో ఒంటరిగా కూర్చుని లాగ్ పైకి చదివాను. నర్సుల పేర్లు వచ్చాయి, డాక్టర్ల పేర్లు వచ్చాయి. తర్వాత నా పేరు వచ్చింది. అక్కడ ఆపి నన్ను అడిగేవాళ్లు ఇక లేరు.