లామినేషన్ చేసిన రసీదు

అరకులో స్టేషన్‌కి వెళ్ళే దారి మీద, చెప్పుల కొట్టుకీ మందుల షాపుకీ మధ్య ఒక ఇరుకు గది ఉంది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక లామినేషన్ మిషను. పదకొండేళ్ళుగా డాలీ అక్కడ నెట్ సెంటర్ నడుపుతోంది. ఆమె తండ్రి దైవాధీనం మాస్టారు మిషన్ స్కూల్లో ముప్పై ఏళ్ళు పనిచేసి కొండ మీద సగం మందికి అక్షరాలు నేర్పాడని చెప్పుకుంటారు. మిగిలిన సగం మంది డాలీ దగ్గరికి వస్తారు. ఆధార్‌లో పేరు తప్పు పడినా, కాఫీ మొక్కలకి అర్జీ పెట్టాలన్నా, పిల్లలకి కుల ధ్రువీకరణ కావాలన్నా ఆమే దిక్కు. తెర మీద ఏం రాసుందో వాళ్ళకి తెలియదు. డాలీ ఏం చెబితే అదే అక్కడ ఉన్నట్టు.

జూన్‌లో ఒకరోజు కొర్రా ఫల్గుణ వచ్చాడు. నలభై దాటిన మనిషి, డాలీ కన్నా పెద్దవాడు. పై ఊళ్ళ నుంచి సంతకి మనుషుల్నీ సరుకునీ దింపే జీపు ఒకటి ఉంది అతనికి. బండి వయసు పన్నెండేళ్ళు.

"మేడమ్, బండి ఎఫ్‌సీ, అదే ఫిట్‌నెస్ కాయితం, గడువు అయిపోవచ్చినాదంట. ఇప్పుడంతా ఆన్‌లైన్లోనేనంట కదా. బేగి సేసీండి, బండిలో జనం కూకున్నారు."

అది అడ్మిషన్ల వారం. గదిలో పది మంది, గుమ్మం బయట ఇంకో పది మంది. సిగ్నల్ రెండుసార్లు పోయింది. డాలీ బండి వివరాలు కొట్టింది, ఫీజు కట్టింది, ఫల్గుణ ఫోన్‌కి వచ్చిన నంబరు అడిగి ఎక్కించింది, ఖాళీగా కనిపించిన తేదీ ఒకటి నొక్కింది. ప్రింటరు ఒక కాగితాన్ని బయటికి తోసింది. దాన్ని ఫల్గుణ రెండు చేతులతో పట్టుకున్నాడు.

"అయిపోయినాదా మేడమ్?"

"అయిపోయింది అన్నా. తడవకుండా ఉంచుకో."

తడవకుండా అన్నది కాబట్టి లామినేషన్ చేసి ఇమ్మన్నాడు. చేసి ఇచ్చింది. అతని వెనక నిలబడ్డ ఆడమనిషి చేతిలోంచి ఆధార్ కార్డు అందుకుంది.

డాలీ అన్నది బుకింగ్ అయిపోయిందని. ఫల్గుణ విన్నది ఫిట్‌నెస్ అయిపోయిందని. అతన్ని తప్పు పట్టడానికి లేదు. ఇదివరకు ఏజెంటు జీపుని ఒకపూట తీసుకెళ్ళి, బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి చూపించి, సాయంత్రానికి కాగితంతో సహా తెచ్చి ఇచ్చేవాడు. ఇప్పుడు భూమి కాగితం, రేషన్ కార్డు, పెన్షన్ అన్నీ ఆ కుర్చీ దగ్గర్నుంచే అయిపోతున్నాయి. బండి కూడా అలాగే అనుకున్నాడు. ఆ కాగితం అడుగున, ఫలానా తేదీన ఫలానా సెంటర్‌కి బండిని తీసుకురావాలని, ఇది సర్టిఫికెట్ కాదని చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. డాలీ అంతవరకూ చదవలేదు. అయినా బండిని ఎవరో ఒకరు చూడాలన్న సంగతి ఆమెకి తెలియనిది కాదు. ఆ రోజు అది గుర్తు రాలేదా, గుర్తొచ్చినా విడమరిచి చెప్పే ఓపిక లేకపోయిందా అని తర్వాత ఎన్నోసార్లు తనని తాను ప్రశ్నించుకుంది. రెండోదేనేమో అని ఆమె అనుమానం.

సెప్టెంబర్‌లో, వాన పడుతున్న సంత రోజున, కిందికి దిగుతుంటే ఫల్గుణ జీపుకి బ్రేక్ అందలేదు. పెడల్ నేలకంటా దిగిపోయింది. ఎడమ పక్క లోయ. ఫల్గుణ స్టీరింగ్ కుడికి తిప్పి, బండిని కొండ గట్టుకి ఆనించి రాసుకుంటూ పోనిచ్చాడు. అలా రాసుకుని రాసుకుని ఆగింది. లోపల తొమ్మిది మంది. అల్లం బస్తాల మీద కూర్చున్న సోములమ్మ అనే ముసలామె ఎగిరి రోడ్డు మీద పడింది. కుడి భుజం ఎముక విరిగింది. మిగతావాళ్ళకి దెబ్బలు. ప్రాణాలు పోలేదు.

పోలీసులు కాగితాలు అడిగితే ఫల్గుణ ధైర్యంగా డాష్‌బోర్డు మీద నుంచి లామినేషన్ కాగితం తీసి ఇచ్చాడు. కానిస్టేబుల్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది ఎఫ్‌సీ కాదురా. ఫీజు కట్టిన రసీదు" అన్నాడు. జీపు స్టేషన్ ఆవరణలోకి చేరింది.

మర్నాడు పొద్దున్నే ఫల్గుణ నెట్ సెంటర్‌కి వచ్చాడు. నుదుటి మీద కట్టు ఉంది.

"మేడమ్, ఇది సర్టిఫికెట్టు కాదంటన్నారు. మీరోసారి సదివి సెప్పండి."

డాలీ ఆ కాగితాన్ని మొదటిసారిగా చివరిదాకా చదివింది. కింద వరస దగ్గరికి వచ్చేసరికి చెవులు వేడెక్కాయి. గదిలో నలుగురు ఉన్నారు. ఫల్గుణ ఆమె నోటి వంకే చూస్తున్నాడు.

"సర్వర్ ప్రాబ్లం అయ్యుంటాది అన్నా" అంది. "మనం కట్టేసినాం కదా. వాళ్ళే పంపాలి."

ఫల్గుణ తల ఊపాడు. నమ్మాడు. నేరుగా స్టేషన్‌కి వెళ్ళి అదే చెప్పాడు. ఏ సర్వరు అని ఎస్సై అడిగాడు. ఫల్గుణకి తెలియదు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ అదే చెప్పాడు. మూడోసారికి అతను గేటు దాటగానే అక్కడున్నవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు.

ఈ సంగతి డాలీకి చెప్పింది మెకానిక్ తాతారావు. జిరాక్సు కోసం వచ్చి, కాగితాలు వస్తున్నంతసేపూ మాట్లాడుతూ నిలబడ్డాడు.

"పాపం, సర్వర్ సర్వర్ అనుకుంటా తిరగతన్నాడు. నేనెళ్ళి సూసినాను ఆ బండి. బ్రేక్ ఆయిలు కారిపోతన్నాది. ఇయ్యాల నిన్నటి లీకు కాదది, నెలల బట్టి ఉన్నాది. బ్రేకాయన ఒక్క తొక్కు తొక్కితే పట్టేసుండేవాడు."

జిరాక్సులు అతని చేతికిచ్చి, డాలీ షట్టర్ సగం దించి కూర్చుంది. తాను చదవని ఆ ఒక్క వరస చదివుంటే జీపు జూన్‌లోనే టెస్టుకి వెళ్ళేది. లీకు బయటపడేది. సోములమ్మ భుజం మామూలుగా ఉండేది. ఇందులో తప్పించుకోవడానికి ఎక్కడా సందు లేదు. మరచిపోవడం ఒకటి, దాని మీద అబద్ధం ఆడటం ఇంకొకటి. ఆ అబద్ధాన్ని మోసుకుని ఒక మనిషి మూడుసార్లు నవ్వులపాలయ్యాడు.

తర్వాతి నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం ఉన్న పళ్ళెం వరసలోకి వచ్చినప్పుడు డాలీ తీసుకోకుండా పక్కకి అందించింది. మనసులో తప్పు పెట్టుకుని తీసుకోకూడదని చిన్నప్పట్నుంచి విన్నది. పక్కన కూర్చున్నది తల్లి సంతోషమ్మ. ఇంటికి వెళ్ళాక చెప్పులు విడుస్తూ అడిగింది.

"ఏటయిందే?"

డాలీ అంతా చెప్పింది. సర్వర్ మాట కూడా దాచలేదు. సంతోషమ్మ విని, చెంగుతో మొహం తుడుచుకుంది.

"నాకు సెప్తే నాకు బాధ తప్ప ఇంకేటొస్తాది? ఆ మనిషికి సెప్పు."

వెంటనే చెప్పలేదు. ముందు ఈసారైనా సంగతి సరిగ్గా తెలుసుకుని వెళ్ళాలనుకుంది. నిజానికి అది కూడా వాయిదా వేయడమేనని ఆమెకే తెలుసు. రవాణా శాఖ వెబ్‌సైట్ మొత్తం చదివి, అందులో ఉన్న నంబర్లకి ఫోన్ చేసింది. ఒక నంబరు మోగలేదు, రెండోది ఎత్తలేదు. మూడో నంబరు దగ్గర సర్వేశ్వరరావు అనే గుమస్తా దొరికాడు. కొంచెం విసుక్కున్నాడు గానీ అన్నీ చెప్పాడు.

"కొత్త బండికైతే రెండేళ్ళకోసారి. ఎనిమిదేళ్ళు దాటిన ట్రాన్స్‌పోర్టు బండికి ఏడాదికోసారమ్మా. ఇదివరకట్లా మైదానంలో నిలబెట్టి చూసేది లేదు. ఘాట్ దిగాక మిషన్ల సెంటర్ ఉంది, అక్కడికే రావాలి. ఫీజు కట్టడం మొదటి మెట్టు. బండి రావాలి, పరీక్ష పాసవ్వాలి. ఫెయిలైతే కారణాలు రాసి ఇస్తాం, బాగు చేయించుకుని మళ్ళీ తేవాలి."

డాలీ నోటు పుస్తకంలో ఒక్కొక్కటీ రాసుకుంది. మర్నాడు షాపు మూసి, పండ్లు కొనుక్కుని సోములమ్మ ఊరికి బయల్దేరింది. ముందు ఆమెని చూసి, అక్కడి నుంచి ఫల్గుణ ఇంటికి పోవాలన్నది ఆలోచన. కానీ ఫల్గుణ సోములమ్మ వాకిట్లోనే ఉన్నాడు. కట్టెలు కొడుతున్నాడు. సోములమ్మ చేతికి కట్టుతో అరుగు మీద కూర్చుని అతన్ని తిడుతోంది.

"బండికి కాయితం నేకుండా మనుషుల్నెక్కించుకుంటావా? బుర్రున్నాదా నీకు?"

"నాదే తప్పు పిన్నీ" అన్నాడు ఫల్గుణ. అని, డాలీని చూసి గొడ్డలి కింద పెట్టాడు. "మేడమ్ ఒచ్చినారు. సర్వర్ బాగయినాదా మేడమ్?"

డాలీ కూర్చోలేదు.

"సర్వర్ తప్పు లేదన్నా. నాదే తప్పు. ఆ కాగితం కింద బండి తీసుకెళ్ళాలని రాసుంది. నేను చదవలేదు. నువ్వొచ్చి అడిగినరోజు చదివినాను. అప్పుడైనా చెప్పకుండా అబద్ధం ఆడినాను."

ఫల్గుణకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత మెల్లగా అడిగాడు.

"అంటే, నాను టేషన్‌కెళ్ళి సెప్పిందంతా ఉత్తిదేనా?"

"ఉత్తిదే."

అతను గొడ్డలి తీసుకుని కట్టెల వైపు తిరిగాడు.  సోములమ్మ మాత్రం డాలీని పైనుంచి కిందికి చూసింది.

"సదువుకున్నదానివి" అంది. అంతే అంది.

డాలీ అక్కడి నుంచి స్టేషన్‌కి వెళ్ళి జరిగింది కాగితం మీద రాసి ఇచ్చింది. ఎస్సై చదివి, "ఫైల్లో పెడతానమ్మా. కానీ బండి ఓనర్‌దే బాధ్యత. చట్టం అంతే" అన్నాడు. ఆ కాగితం వల్ల ఫల్గుణ మీద కేసు పోలేదు. అక్కడివాళ్ళు అతన్ని చూసి నవ్వడం మాత్రం మానేశారు.

జీపు విడిపించుకుని తాతారావు చేత బ్రేకులు బాగు చేయించాక, మూడు వారాలకి ఫల్గుణ నెట్ సెంటర్ గుమ్మం ముందు బండి ఆపాడు. కొత్త తేదీ వేరే నెట్ సెంటర్లో బుక్ చేయించుకున్నాడు.

"ఆ సెంటరెక్కడో మాకు తెల్దు. మీరొస్తారేటి?" అన్నాడు. మేడమ్ అనలేదు.

ముందు సీట్లో అతని భార్య గంగ కూర్చుని ఉంది. డాలీ పక్కన ఎక్కితే కొంచెం జరిగింది. వెనక ఎవరినీ ఎక్కించుకోలేదు.  మలుపు మలుపుకీ ఫల్గుణ బ్రేక్ తొక్కి చూసుకుంటున్నాడు. ఘాట్ సగం దిగి టైడా ఊరు దాటాక గంగ రోడ్డు వైపే చూస్తూ అంది.

"మా ఇంటాయన మూడుసార్లు ఎల్లి నవ్వించుకొచ్చినాడు. దెబ్బలు మానిపోతాయి. ఆ మాట మాత్రం నాను మరిసిపోను."

"మరచిపోవద్దు వదినా" అంది డాలీ. 

సెంటర్ కనుక్కోవడానికి ముగ్గురిని అడగాల్సి వచ్చింది. పెద్ద రేకుల షెడ్డు, లారీల వరస. జీపు ముందు చక్రాల్ని రోలర్ల మీద తిప్పి బ్రేక్ ఎంత పడుతోందో చూశారు. పొగ గొట్టంలో పైపు పెట్టారు. హెడ్‌లైట్ల ముందు ఒక పెట్టె నిలబెట్టారు. ఫల్గుణ చేతులు కట్టుకుని, కొడుకు పరీక్ష రాస్తుంటే బయట నిలబడ్డ తండ్రిలా చూస్తున్నాడు. గంట తర్వాత కాగితం వచ్చింది. దాన్ని డాలీ ముందు పెట్టాడు.

"సదవండి. అడుగు దాకా."

డాలీ పై వరస నుంచి మొదలుపెట్టి, ప్రతి మాటనీ తెలుగులో చెప్పుకుంటూ వచ్చింది. బ్రేకులు పాస్. పొగ పాస్. ఎడమ హెడ్‌లైట్ ఎదుటి బండివాడి కళ్ళలో పడుతోంది, ఫెయిల్. హ్యాండ్ బ్రేక్ వాలులో నిలపడం లేదు, ఫెయిల్. ఈ రెండూ సరిచేసి మళ్ళీ తేవాలి.

"అంటే అవనేదు" అన్నాడు ఫల్గుణ.

"అవలేదు."

"సరే" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలో కోపం లేదు. ఈసారి సంగతి సంగతిలాగే చెప్పినందుకు కొంచెం తేరుకున్నట్టు డాలీకి అనిపించింది. అది తాను కోరుకుంటున్నది కాబట్టి అలా అనిపించిందేమో కూడా.

వారం తర్వాత ఫల్గుణా గంగా ఇద్దరే వెళ్ళారు. పాసైంది. ఏడాది తేదీ వేసి ఇచ్చారు. ఆ తర్వాత పై ఊళ్ళ జీపుల వాళ్ళు నలుగురైదుగురు, ఆ సెంటర్ ఎక్కడ, ఏం చూస్తారు అని అడుగుతూ డాలీ దగ్గరికి వచ్చారు. ఫల్గుణే పంపాడట. డాలీ తనకి తెలిసింది చెప్పి, "నా మాటొక్కటే నమ్మకండి" అంటూ సర్వేశ్వరరావు నంబరు రాసి ఇచ్చింది. ఆయన ఫోన్లో విసుక్కుంటూనే ఉన్నాడు. ఇప్పుడు ఆమె దగ్గర పని ఆలస్యమవుతోందని అరకులో అందరూ గొణుగుతారు. ప్రతి కాగితాన్నీ పైకి చదివి వినిపించి గానీ చేతికివ్వదు మరి.

బీమా వాళ్ళు సోములమ్మ పరిహారం సంగతి ఇంకా తేల్చలేదు. ఎముక అతుక్కుంది గానీ కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవదు. తన జుట్టు తాను ముడి వేసుకోలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక డాలీ ఆ ఊరు వెళ్ళి, అరుగు మీద ఆమె వెనక కూర్చుని నూనె రాసి దువ్వుతుంది. మొదటిసారి దువ్వెన పట్టినప్పుడు ముసలామె వద్దనలేదు, సరే అనలేదు. ఇప్పుడు అల్లం ధర పడిపోయిందని, కోడిపెట్ట గుడ్లు ఎక్కడో దాస్తోందని చెబుతూ ఉంటుంది. జీపు మాట ఎత్తదు. తనని క్షమించిందా అన్న ఒక మాట అడగాలని డాలీకి ఉంటుంది, ప్రతి వారం అనుకుంటుంది, అడగలేకపోతుంది.

"సిక్కు నాగేస్తన్నావు గుంటా. నెమ్మదిగా దువ్వు" అంటుంది సోములమ్మ.

డాలీ దువ్వెన తీసి, చిక్కుని వేళ్ళతో విడదీస్తుంది.