మింగేసిన సగం మాట

నా గొంతులో ఒక మాట చాలా ఏళ్ళు ఉండిపోయింది. అది నా మాట కాదు. వేరొక మనిషిది. ఆమె నోటి నుంచి వచ్చి, నా దాకా చేరి, నా దగ్గరే ఆగిపోయింది. ఆ మాటను ఈ మధ్యే కోర్టులో పైకి చెప్పేశాను. అయినా మీకు ఇది రాస్తున్నాను. కోర్టులో ఏం జరిగిందో అడిగారు, చెప్పాను. ఎందుకు చేశావని మాత్రం సరిగ్గా ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకూ తెలియదు. ఇక్కడ చెప్పి చూస్తాను.

మాది రాయపూర్ రైల్వే కాలనీ. తాతగారు విజయనగరం నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే హిందీ. రెండూ తడబడకుండా మాట్లాడతానని నాకు చిన్నప్పటి నుంచీ గర్వం. అప్పుడు నేను లా రెండో సంవత్సరంలో ఉన్నాను. నయా రాయపూర్‌లో పొలాల మధ్య పెద్ద పెద్ద భవనాలు లేస్తున్న రోజులవి. వాటికి కూలీలను తెచ్చే కాంట్రాక్టరు ఒకాయన నాన్నకు స్నేహితుడు. శ్రీకాకుళం పల్లెల నుంచి మనుషులను రైలెక్కించి తీసుకొచ్చేవాడు. ఆయన్ని నేను బాబాయి అని పిలిచేదాన్ని.

ఒకరోజు ఆయన కాలేజీకి కారు తీసుకుని వచ్చాడు. సైటులో రాగి తీగల చుట్టలు పోయాయి, ఒక ఆడకూలీ పట్టుబడింది, ఆమెకు హిందీ రాదు, ఇంజనీరేమో కాంట్రాక్టరు చెప్పే తర్జుమా వద్దు, బయటివాళ్ళెవరినైనా పిలవమంటున్నాడు. "లా చదువుతున్నావు కదా తల్లీ, నువ్వయితే బాగుంటుంది," అన్నాడు. వెళ్ళాను. ఇలా చెప్పు, అలా చెప్పు అని ఆయన నన్నేమీ అడగలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

రేకుల షెడ్డులో సైటు ఆఫీసు. టేబులుకు అటువైపు ఇంజనీరు, సెక్యూరిటీ అధికారి, బాబాయి. వాళ్ళ పక్కనే నాకూ ఒక కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. ఎదురుగా నేల మీద ఆమె. పేరు సింహాచలం. నాకంటే ఓ పదేళ్ళు పెద్దదయి ఉంటుంది. చీర కుచ్చిళ్ళకు సిమెంటు పట్టి గట్టిపడింది.

"ఏం జరిగిందో చెప్పమ్మా," అన్నాను.

తెలుగు వినగానే ఆమె ముఖం విప్పారింది. ఎవరో సొంతవాళ్ళు వచ్చారన్నట్టు నా వైపు జరిగింది.

"తీగలు నానే ఎక్కించినానమ్మా లారీలోకి. ఈ బాబు ఎక్కించమంటేనే ఎక్కించినాను. ఆ లారీ కూడా ఈ బాబుదే. నాకేటి తెల్దు తల్లీ. నువ్వైనా సెప్పు ఈలకి."

"క్యా బోల్ రహీ హై?" అన్నాడు ఇంజనీరు, ఏమంటోందని.

"తార్ ఉసీ నే చఢాయే," అన్నాను. తీగలు తనే ఎక్కించిందట.

"ఔర్?"

"బస్. ఇత్నా హీ."

అంతే. ఇంకేమీ లేదు అనేశాను. ఆమె అన్న ఆ బాబు బాబాయే. బాబాయికి తెలుగు వచ్చు కదా. ఆమె అన్నదంతా విన్నాడు, నేను వదిలేసిందీ విన్నాడు. టీ గ్లాసు కింద పెట్టి, కిటికీలోంచి బయటికి చూశాడు. సింహాచలం మాత్రం నాకు దండం పెట్టింది. తన మాట చేరవలసిన చోటికి చేరిందనుకుంది.

ఆ తర్వాత కేసు పెట్టారు. నేను సాక్షిని. బోనులోకి వెళ్ళి, ప్రమాణం చేసి, అదే సగం మళ్ళీ చెప్పాను. నా హిందీ ఎంత శుద్ధంగా ఉందో అని ప్రభుత్వ వకీలు మెచ్చుకున్నాడు. ఆమె జైలుకు వెళ్ళింది. నేను లా పూర్తి చేశాను, ఆ పై చదువూ చదివాను, ఒక కాలేజీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను. ఏ పాఠమో ఊహించగలరా? నేరశాస్త్రం. నేరం అంటే చేసిన పని మాత్రమే కాదు, ఆ పనికి నేరమని పేరు పెట్టే అధికారం ఎవరిదో కూడా చూడాలి అని చెప్పేదాన్ని. చేతిలో తీగ ఉన్నవాడు దొంగ అవుతాడు, లారీ ఉన్నవాడు వ్యాపారి అవుతాడు అని కూడా ఒకసారి నోరు జారి అన్నాను. పిల్లలు గబగబా రాసుకున్నారు. ఆ ఉదాహరణ ఎక్కడిదని ఎవరూ అడగలేదు. అడగనందుకు ఊపిరి పీల్చుకున్నాను. అంత తెలిసి కూడా ఎలా పడుకునేదాన్నంటారా? బాగానే నిద్రపోయేదాన్ని. నన్ను ఎక్కువగా భయపెట్టేది అదే.

మందిర్ హసౌద్ దగ్గర ఉచిత న్యాయసహాయ శిబిరానికి పిల్లల్ని తీసుకువెళ్ళినప్పుడు ఆమె మళ్ళీ ఎదురైంది. గుర్తుపట్టలేకపోయాను. చుట్టూ పదిమంది ఆడకూలీలు. వాళ్ళకు రావలసిన కూలి గురించి మా యువ వకీలుతో ఛత్తీస్‌గఢీ కలిసిన హిందీలో గట్టిగా వాదిస్తోంది. పని అయ్యాక తన సొంత సంగతి అడిగింది. బెయిలు మీద ఉందట, అప్పీలు ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉందట. ఎవరో నేను తెలుగుదాన్నని చెప్పారు. నా వైపు తిరిగింది.

"ఒక సదూకున్న పిల్ల ఉండీది అమ్మా. నా మాట సగం తినేసినాది. ఆ సగంలోనే ఉన్నాను నాను," అంది.

ఆ మాటతో ఆమె ఎవరో నాకు తెలిసిపోయింది. ఆమె నన్ను గుర్తుపట్టలేదు. నేను తల ఊపాను. ఇంటికొచ్చాను. మర్నాడు మామూలుగా క్లాసుకు వెళ్ళాను. చెబుతున్నాను కదా, అన్నీ చెబుతాను. ఆ వర్షాకాలమంతా ఏమీ చేయలేదు. పాఠం మధ్యలో నోరు ఆగిపోవడం మొదలయ్యాకే ఆ యువ వకీలు దగ్గరికి వెళ్ళాను. అప్పీలు కోర్టు కావాలనుకుంటే సాక్షిని మళ్ళీ పిలవవచ్చని నాకు తెలుసు. నన్ను పిలిపించమన్నాను.

"మీ మీదే కేసు పడుతుంది మేడమ్," అంది ఆ అమ్మాయి. "కాంట్రాక్టరు బెదిరించాడని చెబితే కాస్త నయం," అంది.

అమ్మ కూడా అదే అంది. చిన్నపిల్లవి, భయపెట్టి ఉంటాడు పాపం, అని. కోర్టులో నేను బెదిరించాడని అనలేదు. బెదిరించలేదనీ అనలేదు. అందరూ ఆ మాట అనుకుంటుంటే అనుకోనిచ్చాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను. నన్నెవరూ బెదిరించలేదు. ఎవరూ ఏమీ ఆశ చూపలేదు. ఆ రోజు నాకు కుర్చీ వేశారు, అంతే. పెద్దవాళ్ళ పక్కన కూర్చోబెట్టి, నా మాట కోసం ఎదురుచూశారు. ఆ కాసేపట్లోనే నేను అటువైపు మనిషినైపోయాను, అటువైపు మనిషికి ఇబ్బంది కలిగించే మాట నా నాలుక మీదికి రాలేదు. బాబాయి నన్ను ఏమీ అడగకపోవడానికి కారణం, అడగనక్కరలేదని ఆయనకు తెలియడమే. దీనికి మా పుస్తకాల్లో పెద్ద పెద్ద పేర్లున్నాయి. వాటిలో ఏదో ఒకటి నా మీద కప్పుకుని దాక్కోవచ్చు. కానీ వేరే అమ్మాయి అయితే మొత్తం వాక్యం చెప్పేదేమో కదా?

నన్ను బోనులోకి పిలిచిన రోజు సింహాచలం పసుపుపచ్చ చీర కట్టుకొచ్చింది. వెనక బెంచీల నిండా ఆమె మనుషులు. జడ్జిగారు ఆమె రికార్డు చూసి, తెలుగు తర్జుమాకు మనిషి కావాలా అని అడిగారు. ఆమె లేచి నిలబడింది.

"నహీ సాబ్. జేల్ మే హిందీ సీఖ్ లీ. అబ్ మై ఖుద్ బోలూంగీ."

జైల్లో హిందీ నేర్చుకుందట. ఇక తన మాట తనే చెబుతుందట. చెప్పింది కూడా. తీగలు, లారీ, బాబు, అన్నీ, ఒక్క మాట జారిపోకుండా. తర్వాత నేను మొదట తెలుగులో, ఆ పైన హిందీలో ఆమె ఆనాటి వాక్యం మొత్తం చెప్పాను. ఆమె చెప్పినదానికి నాది నకలులా వినిపించింది. అలా వినిపించినందుకు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

తీర్పు రోజున "బరీ", అంటే నిర్దోషి, అన్న మాట వినగానే ఆడవాళ్ళంతా ఒక్కసారి లేచారు. బంట్రోతు నిశ్శబ్దం నిశ్శబ్దం అంటున్నాడు, ఎవరు వింటారు? కోర్టు ఆవరణలో ఒకామె డబ్బా మీద దరువు వేసింది. సింహాచలం రెండు చేతులూ పైకెత్తి తిరిగింది. ఇన్నేళ్ళుగా ఆమెను దొంగ అని పిలిచిన ఊళ్ళో, పట్టపగలు, అందరి మధ్యా తిరిగింది. జడ్జిగారు లారీ యజమాని పాత్ర మీద విచారణ జరగాలని కూడా తీర్పులో రాశారు. జరుగుతుందో లేదో చూడాలి. నాకు అబద్ధపు సాక్ష్యం గురించి నోటీసు వచ్చింది. కాలేజీవాళ్ళు ప్రస్తుతానికి రావద్దన్నారు. శంకర్ నగర్‌లో మా పక్కింటివాళ్ళు చూపు తిప్పుకుంటున్నారు.

ఆ రోజు గుంపు మధ్యలోంచి ఆమె దగ్గరికి వెళ్ళాను. ఏదో అనబోయాను. చేయి అడ్డంగా పెట్టి ఆపింది. కోపంగా కాదు.

"నిన్నేటి సెయ్యాలో నాకు తెల్దు. ఇయ్యాల నీ గురించి ఆలోసించను. ఇయ్యాల నాది."

వాళ్ళంతా ఒక టెంపో ఎక్కారు. పాడుకుంటూ మందిర్ హసౌద్ రోడ్డు వైపు వెళ్ళిపోయారు. నన్ను క్షమించలేదు. క్షమిస్తుందని నేను ఎదురుచూడటమూ లేదు. ఎండలో నిలబడి ఆ పాట వినిపించినంత దూరం విన్నాను. నవ్వొచ్చింది నాకు. ఓడిపోయింది నేనే అయినా, అంత గెలుపు నేనెప్పుడూ చూడలేదు.

నన్నెవరూ బలవంతపెట్టలేదు. నేనే చేశాను. ఈ రెండు వాక్యాలూ రాయడానికి ఇంత రాయవలసి వచ్చింది. రాశాను.