దిగనన్న మనిషి

రాయపురంలో పెద్ద మురుగు కాలువ పూడిపోయినప్పుడు ఆ వీధి జనం మమ్మల్ని చూసిన చూపు నేనింకా మరిచిపోలేదు. నేను కాంట్రాక్టరు దగ్గర సైట్ ఇంజనీరుని. భూమి కింద, మనిషి నిలబడేంత పెద్ద గొట్టాల్లో పేరుకున్న బురదను తోడించడం నా పని. మూడు రోజులుగా మురుగు ఇళ్ళలోకి ఎగదన్నుతోంది. చేపలమ్మే ఆడవాళ్ళు చీరలు మోకాళ్ళ దాకా ఎగ్గట్టి నడుస్తూ, మా బండి పక్కకు రాగానే ఉమ్మేసి పోతున్నారు.

ముందు జెట్ బండితో నీళ్ళు కొట్టించాం. బురద కదల్లేదు. రబ్బరు పైపు కొంత దూరం పోయి, గట్టిగా దేన్నో గుద్దుకుని ఆగింది. ఇక రెండు మ్యాన్‌హోళ్ళ మధ్య తీగ లాగి, దానికి కట్టిన బకెట్‌తో గోకి తోడే మిషన్ కావాలి. అది పెరంబూరులో ఉంది. మధ్యాహ్నం దాటితే గాని రాదు.

ఆ వీధిలో మేడ కట్టుకుంటున్న ఒకాయన నా భుజాన్ని వేలితో పొడిచాడు. మాలాగే ఎప్పుడో ఈ తమిళ నగరానికి వచ్చి స్థిరపడ్డ తెలుగువాడే.

“ఏమయ్యా, మిషనూ గిషనూ అని కథలు చెప్పబాక. ఆ మనిషిని లోపలికి దించు. మా నాయన కాలంలో అట్టనే చేసేవోళ్ళు.”

ఆయన చూపించింది మా జట్టు పెద్దని. యాభై దాటిన మనిషి. తెరిచిన మ్యాన్‌హోల్ పక్కన నిలబడి అంతా వింటున్నాడు.

జనం మూగారు. ఫోన్లో మా మేనేజరు, “ఎట్లాగో ముగించు, వీడియోలు తీస్తున్నారంట” అన్నాడు. మనిషిని దించడం నేరమని ఇద్దరికీ తెలుసు. అందుకే ఆ మాట ఆయన అనలేదు. నేను మాత్రం పెద్దాయన దగ్గరకు పోయి, “రెండు మెట్లు దిగి చూడన్నా, చాలు” అన్నాను.

ఆయన గ్యాస్ మీటరుకు తాడు కట్టి లోపలికి వదిలాడు. లోపల విషవాయువుందని అది కీచుమంది. పైకి లాగి, ఇంకా అరుస్తున్న దాన్ని నా చేతిలో పెట్టాడు.

“సదువుకున్నోడివి కదా సార్, ఏం జూపిస్తా ఉందో సూడు. మా చిన్నాయన కూడా రెండు మెట్లే దిగినాడు. కావాలంటే నువ్వు దిగు, తాడు నేను పట్టుకుంటా.”

నాకు సిగ్గు వేయలేదు, కోపం వచ్చింది. “పని వద్దనుకుంటే ఇంటికి పో” అని అరిచాను. ఆయన పోలేదు. మూత లాగి మూసి, దాని మీద కూర్చున్నాడు.

“మిషన్ వచ్చిందాకా ఈడ్నే ఉంటా. ఎవుణ్ణీ దిగనీను.”

ఎవరో బకెట్‌తో మురుగు నీళ్ళు తెచ్చి ఆయన మీద కుమ్మరించారు. ఆయన లేవలేదు. నేను చూస్తూ నిలబడ్డాను.

మూడింటికి మిషన్ వచ్చింది. మొదటి బకెట్లలో నల్లటి బురద వచ్చింది. తర్వాత గడ్డకట్టిన సిమెంటు పెళ్ళలు, పగిలిన టైల్సు, సగం నిండిన సిమెంటు సంచులు. ఆ వీధిలో కొత్తగా కట్టే మేడ ఒక్కటే. “మేస్త్రి ఏసుంటాడు” అని గొణిగి దాని యజమాని లోపలికి పోయాడు. ఆయన్నెవరూ ఒక్క మాట అనలేదు. పెద్దాయనకూ ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. సాయంత్రానికి నీళ్ళు తగ్గిపోయాయి.

ఆయన బండి దగ్గర ఒళ్ళు కడుక్కుంటుంటే టీ పట్టుకెళ్ళాను. పొద్దున అన్నది మనసులో పెట్టుకోవద్దన్నాను.

“పెట్టుకుంటా సార్,” అన్నాడు, నా వైపు చూడకుండా. “మరిసిపోతే ఇంకోనాడు దిగేస్తా.”

టీ తాగలేదు. వారం తిరక్కుండా వేరే జట్టుకు మారిపోయాడు. ఉండమని అడిగే మొహం నాకు లేకపోయింది.