కల్లప్ప కట్టిన ఆఖరి జోడీ

నారాయణఖేడ్ జాతరలో కుస్తీల రోజు కల్లప్ప మాటకు తిరుగు లేదు. ఏడాదంతా బస్సు డిపో పక్కన పంక్చర్లు వేసుకునే మనిషే, ఆ ఒక్క మధ్యాహ్నం మాత్రం రాజు. పహిల్వాన్ల భుజాలు తడిమి, మెడలు నిమిరి, ఎవరికి ఎవరు సరిజోడో కంటితోనే తూచేవాడు. ఒకరి చెయ్యి తెచ్చి ఇంకొకరి చేతిలో పెట్టేవాడు. ఆయన కలిపిన చేతిని వెనక్కి లాక్కున్న మొనగాడు అప్పటిదాకా పుట్టలేదు. కొబ్బరికాయ కోసం పట్టే పిల్లల కుస్తీ నుంచి వెండి కడెం కుస్తీ దాకా అన్నీ ఆయన చేతుల మీదుగానే నడిచేవి.

బసవ ఆయన మేనల్లుడు. కుస్తీ నేర్పే తాలీంలో, మట్టిలో పొర్లించి పెంచాడు వాణ్ణి. వాడు కబడ్డీలోకి పోయి, పెద్ద లీగ్‌లో ఆడి, టీవీలో కనబడేసరికి ఊరు ఊరంతా ‘మన బసవ’ అంది. బస్టాండు ముందు నిలువెత్తు ఫ్లెక్సీ కట్టింది. దాని కింద నిలబడి ఫొటో దిగని లీడరు లేడు.

మొన్నటి సీజన్ మధ్యలో ఒక టీవీ ఇంటర్వ్యూలో బసవ తాను గే అనీ, తన మనసు మగవాళ్ళ మీదే పోతుందనీ, దాచి దాచి ప్రాణం విసిగిందనీ చెప్పేశాడు. ఎక్కడెక్కడివాళ్ళో లక్షలమంది శెభాష్ అన్నారు, ఫోన్లలో గుండె బొమ్మలు పంపారు. ఖేడ్‌లో మాత్రం తెల్లారేసరికి ఫ్లెక్సీ లేదు. ఆటలో వాడు కూతకు పోతే, "ముట్టుకోకుర్రి, అంటుకుంటది!" అని జనంలోంచి అరుపులు. ఎదుటి జట్టు వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని పక్కకు జరిగేవారు. పట్టుకోవాల్సిన ఆటలో పట్టుకునేవాడే లేకపోతే ఇంకేం ఆట? చివరికి కాలికి దెబ్బ తగిలిందని చెప్పి సొంత జట్టే వాణ్ణి కూర్చోబెట్టింది. కాలికేమీ కాలేదు.

కల్లప్ప ఫోన్‌లో ఒకటే అడిగాడు. "గా మాట టీవీల ఎందుకు చెప్పినవ్‌రా? నాకు చెప్తే సాలకపోయెనా?"

"నీకు చెప్తే ఊకోమంటుంటివి మామా."

నిజమే, అనేవాడు. కల్లప్ప ఫోన్ పెట్టేశాడు.

జాతరకు బసవ వచ్చాడు. మనిషి చిక్కి సగమయ్యాడు.

"ఒక్క కుస్తీ ఇప్పియ్యి మామా. గెల్వాలని గాదు. నన్ను ఒక మనిషి ముట్టుకోక ఎన్ని దినాలైందో! గిట్లయితే బతకబుద్ధయితలేదు" అన్నాడు.

వీడికి ఇవాళ జోడీ దొరక్కపోతే వీడు దక్కడని కల్లప్పకు అనిపించింది.

కడెం కుస్తీ వంతు వచ్చింది. బసవ లంగోటా బిగించి, మట్టి కళ్ళకద్దుకుని బరిలో నిలబడ్డాడు. కల్లప్ప మొదట పోయింది కంగ్టి నందీశ్వర్ దగ్గరికి. బసవతో ఒకే తాలీంలో, ఒకే కంచంలో తిని పెరిగినవాడు.

"నాకు పెండ్లి కుదిరింది కాకా. రేపు గీ ఫొటోలు వాట్సాప్‌ల ఏస్తరు. నన్ను గూడ గట్లనే అంటరు" అని తల దించుకున్నాడు నందీశ్వర్.

నాగల్‌గిద్ద పహిల్వాన్ "బ్యాడ అణ్ణా, బ్యాడ" అని కన్నడంలోనే వద్దంటూ దండం పెట్టి తప్పుకున్నాడు. ఇంకొకడి చెయ్యి కల్లప్ప బలవంతంగా లాక్కొచ్చి బసవ చేతిలో పెడితే, వాడు గుంజుకుని తువ్వాలతో తుడుచుకున్నాడు. జనం ఈలలు వేశారు. బసవ చాచిన చెయ్యి అలాగే ఉంది.

"ఒక్కడన్న మొగోడు లేడా ఖేడ్‌ల?" అని అరిచాడు కల్లప్ప.

"ఉన్న మొగోన్ని టీవీల జూసినం గదా!" అన్నాడెవడో వెనకనుంచి. నవ్వులే నవ్వులు.

జాతర పెద్ద మొగులయ్య బరిలోకి వచ్చాడు. "జోడీ లేకుంటే కడెం వానిదే, గది రివాజు. తీస్కొని పొమ్మను. లొల్లి వద్దు" అన్నాడు. గెలిచినవాడి ముంజేతికి తానే తొడగాల్సిన కడేన్ని ఆ పెద్దమనిషి మట్టిలో పెట్టి వెనక్కి జరిగాడు.

"కడెం వద్దు పెద్దయ్యా." బసవ జనం వైపు తిరిగాడు. "ఎవరన్న నన్ను కింద పడెయ్యుర్రి. ఓడగొట్టుర్రి. మీ కాల్మొక్త."

సింహంలాంటి పిల్లవాడు ఓటమిని అడుక్కుంటుంటే కల్లప్ప అంగీ విప్పాడు. ఒక మోకాలు ఎప్పుడో పోయింది, అరుగు దిగాలన్నా గోడ పట్టుకునే మనిషి.

"కల్లప్పా, సోంచాయించుకో. మళ్ల నువ్వు కలిపిన చెయ్యి ఎవ్వడు పట్టడు" అన్నాడు మొగులయ్య.

"పట్టకుర్రి" అని కల్లప్ప తన చెయ్యి తీసుకుపోయి బసవ చేతిలో పెట్టాడు.

డప్పు ఆగిపోయింది. బసవ ఆయన మెడ మీద చెయ్యి వేసి, నడుం చుట్టాడు. అది కుస్తీ పట్టు కాదని కల్లప్పకు వెంటనే తెలిసింది. వాడు పట్టుకుని వేలాడుతున్నాడు. ముసలాయన భుజం తడిసింది.

"కుస్తీ జెయ్‌రా" అని చెవిలో గదమాయించాడు. "నువ్వు పహిల్వాన్‌వి. ఎత్తు!"

బసవ ఎత్తాడు. మెల్లగా, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు మట్టి మీదికి దించాడు. జనం అప్పటికే మిఠాయి దుకాణాల వైపు పోతున్నారు. ఒక్క చప్పట్టు లేదు.

"అయిపోయింది మామా. లే" అన్నాడు బసవ, చెయ్యి ఇంకా వదలకుండా.

వీపు మట్టికి ఆనితే కుస్తీ అయిపోయినట్టు; అయిపోతే చేతులు విడవాలి. కల్లప్ప లేవలేదు. మోకాలి నొప్పికి కాదు. తాను లేస్తే వీడు బస్సెక్కుతాడు, ఆ పోయేచోట ఈ చెయ్యి పట్టుకునే దిక్కు లేదు. వేళ్ళు ఇంకా గట్టిగా బిగించాడు.

"ఆగు" అన్నాడు. "నా వీపు ఇంకా ఆనలే."