పుల్లకు పట్టని మంచు

నాలుగు వరుసల అబద్ధాన్ని ఇరవై ఏళ్లకు పైగా మోస్తున్నాను. ఉద్యోగాలు మారాను, ఇల్లు కట్టుకున్నాను, పిల్లల్ని పెంచాను. దాన్ని మాత్రం ఎక్కడా దించలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అడిలైడ్‌లో, మాసన్ లేక్స్‌లో ఇళ్లు అప్పుడప్పుడే లేస్తున్న రోజులు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ మరిచిపోతాయని లోకం హడలిపోతుంటే, ఆ తప్పులు వెతికే పనికి నేను వచ్చాను. పక్కింట్లో ఖాదర్ అంకుల్. కర్నూలు వైపు పశువులకు సూదులు వేసిన మనిషి, ఇక్కడా అదే పని. ఒకటి రెండు ఆవులున్నవాళ్లు ఎద్దును ఎక్కడ పెంచుతారు? గడ్డకట్టించిన వీర్యం ఉన్న సన్నటి గొట్టాలతో, ఆవు ఎదకొచ్చిన పూటకే వాళ్ల గేటు ముందు ఉండేవారు.

ఆదివారాలు సరదాగా వెంట వెళ్లేదాన్ని. ఆ పనితనం మీరు చూడాల్సింది. ముందు కాసేపు ఆవును ఊరికే చూసేవారు. తర్వాత నడుము నిమిరి, "నిలబడు తల్లీ, నిలబడు" అని తెలుగులోనే చెప్పేవారు. ఆస్ట్రేలియా ఆవు విని నిలబడేది! గొట్టాన్ని గోరువెచ్చని నీళ్లలో కరిగించి, చల్లారకుండా చొక్కా లోపల దాచి తెచ్చేవారు. లోపలికి వెళ్లిన చెయ్యి కళ్లున్నట్టే దారి వెతుక్కునేది. అంత శుభ్రంగా పని చేసే మనిషిని నేను మా ఆఫీసులో కూడా చూడలేదు.

ఆ డిసెంబరులో అక్కగారికి ఆపరేషనని ఆయన ఐదు వారాలు కర్నూలు వెళ్లారు. గొట్టాలన్నీ ద్రవ నత్రజని డబ్బాలో ఉన్నాయి. పాత డబ్బా, నత్రజని తొందరగా ఆవిరైపోతుంది. అది ఒక్కసారి ఎండిందా, గొట్టాల్లోని వీర్యం ఇక పనికిరాదు. వారానికోసారి పుల్ల ముంచి తీయాలి. మంచు ఎంతవరకు పడితే అంతవరకు నత్రజని ఉన్నట్టు. అది పుస్తకంలో రాయాలి, తగ్గితే నింపించాలి. ఇంతే పని. అందరితో "ఈ పాప రాసిందంటే తప్పుండదు" అనేవారు. అందుకే నాకు అప్పగించారు.

మొదటి వారం చూశాను. తర్వాత ఆఫీసులో ఊపిరాడలేదు. నాలుగు వారాలు పుల్ల ముంచలేదు. జనవరి మొదట్లో ముంచితే పుల్ల పొడిగా వచ్చింది. మంచు చుక్కైనా లేదు. అప్పుడైనా నిజం రాసి ఉండొచ్చు కదా? డబ్బా నింపించాను. నాలుగు వరుసలూ ఒక్కసారే పూర్తిచేశాను, కొలత వారం వారం కొంచెం తగ్గినట్టు, నమ్మేలా. ఊళ్లోవాళ్ల తప్పుడు తేదీలు పట్టుకునే దాన్ని నేను.

తిరిగొచ్చాక ఆయన సూది వేసిన ఆవులన్నీ మూడు వారాలకు మళ్లీ ఎదకొచ్చాయి. మోరీన్ అనే ముసలావిడకు ఒక్కటే జెర్సీ ఆవు. మూడుసార్లు వేసినా చూడి కట్టలేదు. పాలు ఎండిపోయాయి. చివరికి దాన్ని కబేళా లారీ ఎక్కించారు. ఆ రోజు సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చారు.

"బిడ్డా, నేను లేనప్పుడు డబ్బా ఏమన్నా ఎండిందా?"

"లేదంకుల్. రాసిపెట్టాను కదా."

"రాసినావులే, చూసినా." తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నారు. "అయితే ఈ చెయ్యే. వయసైపోయింది దీనికి."

అప్పుడు నోరు తెరవాల్సింది. ఎందుకు తెరవలేదు? భయమా? ఆయన తిట్టే మనిషే కాదు. ఆయన కళ్లలో "తప్పుండని పాప"గా ఉండిపోవాలన్న ఆశ, అంతకంటే ఏమీ లేదు. ఆయన ఇంటింటికీ వెళ్లి, తప్పు తనదేనని చెప్పి, పని మానేశారు. మళ్లీ ఏ ఆవు మీదా చెయ్యి వెయ్యలేదు. నా మీద ప్రేమ మాత్రం తగ్గలేదు. అదే ఎక్కువ బాధ.

నిరుడు ఆయన పోయారు. ఆంటీ సామాన్లు సర్దుతూ ఆ పుస్తకం నా చేతికిచ్చారు. "నీ రాతంటే ఆయనకు ఇష్టం, నువ్వే ఉంచుకో తల్లీ." తీసుకున్నాను. అప్పుడూ చెప్పలేదు.

ఇవాళ పుస్తకం తెరిచి, ఆ నాలుగు వరుసల కింద ఐదోది రాశాను.

"చూడలేదు. డబ్బా ఎండింది. మీ చేతికి ఏమీ కాలేదు అంకుల్."